సెల్‌ఫోను రీఛార్జి – వాపసు ఆశ, వాస్తవ వ్యయము

గ్రామసభలో త్రాగునీటి కుళాయిలను గురించి, వీధిదీపములను గురించి, ఉపాధి హామీ పనులను గురించి చర్చ జరుగుట పంచాయతీ సభ్యులకు అనుభవమే. కాని సెల్‌ఫోను రీఛార్జిని గురించి ఏ గ్రామసభలోనైనను చర్చ జరిగినట్లు మేము ఇంతవరకు వినలేదు. అది ఎవరి సొంత ఖర్చు వారిదని తలంచుట ఇందుకు కారణము కాబోలు. ఒక్కసారి లెక్క వేసి చూడుడు. 28 దినములకు 299 రూపాయల ప్లాను వాడువారు సంవత్సరమునకు పదమూడు పర్యాయములు రీఛార్జి చేయించవలసియుండును. అనగా 3,887 రూపాయలు. మూడువందల గడపలు గల పల్లెలో గడపకు ఒక్క ఫోను చొప్పుననే లెక్కించినను, సాలుకు 11,66,100 రూపాయలు ఊరు దాటి పోవుచున్నవి. ఇంటిపన్ను వసూలు కాలేదని వగచు పంచాయతీలు ఈ మొత్తమును తమ పన్నుల పద్దు ప్రక్కన ఉంచి చూచుకొనవచ్చును.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైనది ఉద్దానము నందలి ఒక పల్లెలో మేము చూచిన చిన్న సంఘటన. ఒక ముసలమ్మ తన బొత్తాముల ఫోనును చేతబట్టుకొని పంచాయతీ కార్యాలయపు అరుగుమీద కూర్చుండియుండెను. ఆమె కుమారుడు చెన్నపట్టణమున భవన నిర్మాణపు పనిలో ఉన్నాడు. ఆమె మనుమడు తన ఫోనులోని చెల్లింపు యాప్ ద్వారా అవ్వకు రీఛార్జి చేసి, 75 రూపాయలు వాపసు వచ్చునని చెప్పి, ఆ వాపసు వచ్చిన పిమ్మట మరల వేయించెదనని ఊరుకొనెను. వచ్చినది రొక్కము కాదు, కళ్ళజోళ్ళ దుకాణములో వేయి రూపాయల సరకు కొన్నచో 75 రూపాయలు తగ్గించు కూపను. ఈలోగా 28 దినములు నిండి, ఫోనుకు కాల్స్ వచ్చుట ఆగిపోయినది. కుమారుడు నాలుగు దినములు పిలిచి పిలిచి, తల్లికి ఏమైనదోయని భయపడి, పొరుగింటివారికి ఫోను చేసి విచారించెను. "సొమ్ము తిరిగొస్తాదన్నాడు బాబూ మా మనవడు. సొమ్మూ రానేదు, ఫోనూ మోగడం మానేసినాది" అని ఆమె మాతో పలికినది.

ఆమెకు కావలసినది ఒక్కటే: కుమారుడు పిలిచినప్పుడు ఫోను మ్రోగవలెను. ఆ ఒక్క అవసరమునకు ఎంత వ్యయము న్యాయమో ఆ ఇంటిలో ఎవరును లెక్కించలేదు. వాపసును మాత్రము లెక్కించిరి.

ధరలు పెరిగిన విధము

మన పెద్దలలో పలువురికి ఇప్పటికిని ఒక అపోహ కలదు. సిమ్ము ఒకసారి కొన్నచో జీవితాంతము కాల్స్ ఊరకనే వచ్చునని వారి నమ్మకము. ఆ నమ్మకము నిరాధారము కాదు. 2005–06 ప్రాంతమున కంపెనీలు ‘జీవితకాల’ సిమ్ములను అట్లే విక్రయించినవి. 2016 సెప్టెంబరులో జియో రంగములోనికి వచ్చిన తరువాత డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయినవి. చిన్న కంపెనీలు కొన్ని మూతపడినవి, కొన్ని కలసిపోయినవి. 2018 చివర ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కంపెనీలు 28 దినములకు కనీసము 35 రూపాయల రీఛార్జి ఉండవలెనను పద్ధతిని తెచ్చినవి. జీవితకాల సిమ్ము కథ అంతటితో ముగిసినది. ఆపై 2019 డిసెంబరులోను, 2021 చివరలోను, 2024 జూలైలోను ప్రైవేటు కంపెనీలు ధరలను పెంచినవి. ఆ జూలై తరువాత 28 దినముల అపరిమిత కాల్స్ కనీస ప్లాను జియోలో 189, ఎయిర్‌టెల్‌లో 199 రూపాయలుగా నిలచినది. ప్రభుత్వరంగ సంస్థయైన బీఎస్ఎన్ఎల్ ఆ పర్యాయము ధరలను పెంచలేదు.

ఈ ధరలను ప్రభుత్వమే నిర్ణయించునని కొందరు సభ్యులు మాతో వాదించిరి. అది సరికాదు. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అనగా ట్రాయ్, సెల్‌ఫోను ప్లానుల ధరలను కంపెనీల నిర్ణయమునకే వదలినది. కంపెనీ తాను ప్రకటించిన ధరను ట్రాయ్‌కు తెలియజేయవలెను, వినియోగదారునకు దాచకుండ చూపవలెను. మన ఇంటికి తగిన ప్లానును ఎంచుకొను పని మాత్రము మనదే.

అయినను ట్రాయ్ చేసిన రెండు మార్పులు పల్లెవారికి మిక్కిలి ఉపయోగకరములు. వీనిని గురించి దుకాణదారుడు తనంతట తాను చెప్పుట అరుదు. మొదటిది 2022 జనవరి నాటిది. నెలకు ముప్పది దినములుండగా ప్లానులు 28 దినములకే ఉండుట వలన సంవత్సరమునకు పన్నెండు బదులు పదమూడు రీఛార్జులు అగుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. ప్రతి కంపెనీయు 30 దినముల ప్లాను కనీసము ఒకటియు, ప్రతి నెల అదే తేదీన తిరిగి వేయించుకొనదగిన ప్లాను ఒకటియు తప్పక ఉంచవలెనని ట్రాయ్ ఆదేశించినది. రెండవది 2024 డిసెంబరు 23 నాటిది. డేటా అక్కరలేనివారి కొరకు కేవలము కాల్స్, ఎస్సెమ్మెస్‌లు గల ప్లాను ప్రతి కంపెనీయు ఇవ్వవలెననియు, అట్టి ప్రత్యేక వోచర్ల గడువు 90 దినములకు బదులు 365 దినముల వరకు ఉండవచ్చుననియు నిర్ణయించినది. మన ముసలమ్మకు కావలసినది సరిగా ఇదియే.

దినమునకు ఎంత?

ధాన్యము కొనునప్పుడు బస్తా ధర మాత్రము విని ఎవరును బేరము ముగింపరు, బస్తాలో ఎన్ని కిలోలని అడుగుదురు. రీఛార్జిలోను అట్లే అడుగవలెను. చెల్లించిన రూపాయలను గడువు దినములచే భాగించినచో దినవ్యయము తేలును. క్రింది ధరలు 2025 ఆరంభములో ఈ ప్లానులు వచ్చిన క్రొత్తలో సవరింపబడి ప్రకటింపబడినవి. ధరలు మారుచుండును గనుక రీఛార్జి చేయించు దినమున మరల చూచుకొనవలెను. లెక్క వేయు రీతి మాత్రము మారదు. ఏ కంపెనీ పక్షమునను మేము మాటలాడుట లేదు.

జియో కాల్స్ మాత్రమే గల ప్లాను 84 దినములకు 448 రూపాయలు, 336 దినములకు 1,748 రూపాయలు. ఎయిర్‌టెల్‌లో 84 దినములకు 469 రూపాయలు, 365 దినములకు 1,849 రూపాయలు. 1,748, 1,849 అను రెండు అంకెలను దుకాణపు గోడమీద చూచినవారు నూటొక్క రూపాయి తక్కువగానున్న దానినే ఎంచుకొందురు. కాని 336 దినములు సంవత్సరము కాదు. ఇంకను 29 దినములు మిగిలియున్నవి. దినమునకు మొదటిది 5 రూపాయల 20 పైసలు, రెండవది 5 రూపాయల 7 పైసలు. సంవత్సరము పొడుగునకు సరిచూచినచో తక్కువ ధర గలదిగా కనబడినదే సుమారు ఏబది రూపాయలు ఎక్కువ. ఈ లెక్కను మేము ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లల చేత చేయించితిమి. వారు పెద్దలకంటె వేగముగా చేసిరి.

ఇప్పుడు ముసలమ్మ సంగతి చూడుడు. 199 రూపాయల ప్లాను పదమూడు పర్యాయములు వేయించినచో 364 దినములకు 2,587 రూపాయలు. కాల్స్ మాత్రమే గల 365 దినముల ప్లాను 1,849 రూపాయలు. వ్యత్యాసము 738 రూపాయలు. ప్రతి రీఛార్జికిని పది రూపాయలు తప్పక చేతికి వచ్చునని అనుకొన్నను, పదమూడింటికి వచ్చు వాపసు 130 రూపాయలే. ఆమె మనుమడు వాపసు కొరకు వెదకిన శ్రద్ధను ప్లాను ఎంపికలో చూపియుండినచో, వాపసునకు అయిదు రెట్లకు మించిన సొమ్ము ఇంటిలోనే నిలిచియుండెడిది. పదమూడు గడువులకు బదులు ఒక్క గడువునే గుర్తుంచుకొనవలసియుండెడిది.

డేటా వాడు యువకుల విషయమున కూడ ఇదే రీతి. 2024 జూలైలో జియో ప్రకటించిన ధరల ప్రకారము దినమునకు ఒకటిన్నర జీబీ గల ప్లాను 28 దినములకు 299, 84 దినములకు 799 రూపాయలు. దినవ్యయము మొదటిదానిలో 10 రూపాయల 68 పైసలు, రెండవదానిలో 9 రూపాయల 51 పైసలు. సంవత్సరమునకు నాలుగువందల రూపాయలకు పైగా తేడా వచ్చును.

ఒక చిక్కు కలదు. దినకూలికి వెళ్ళువాని వద్ద ఒక్కసారిగా 1,849 రూపాయలు ఉండవు. 199 రూపాయల చిన్న ప్లానులు అమ్ముడుపోవుట అతని తెలివితక్కువ వలన కాదు, చేతిలో రొక్కము లేకపోవుట వలన. దీనికి పొదుపు సంఘములే మార్గము. సంక్రాంతి వేళ ధాన్యపు సొమ్ము, వేసవిలో ఉద్దానపు జీడిపిక్కల సొమ్ము చేతికి వచ్చినప్పుడు దీర్ఘకాల ప్లాను వేయించుకొనుట, కానిచో సంఘపు పొదుపులోనుండి చిన్న అప్పుగా తీసికొని నెలకు నూట ఏబది, నూట అరువది చొప్పున తీర్చుకొనుట సాధ్యమే.

నెలసరి బిల్లు పద్ధతి, అనగా పోస్ట్‌పెయిడ్, మన పల్లెలలో తక్కువ. అందులో ఒక్క మెలిక తెలిసియున్న చాలును. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలసియుండును, పోస్ట్‌పెయిడ్ ప్రకటనలోని ధరకు నూటికి 18 చొప్పున అదనముగా చేరును. 449 అని చూపినది బిల్లులో సుమారు 530 అగును.

వాపసు అనగా ఏమి?

వాపసు, అనగా క్యాష్‌బ్యాక్, అను మాటలో ‘నగదు’ అను అర్థమున్నది గాని, వచ్చునది ఎల్లప్పుడును నగదు కాదు. బ్యాంకు ఖాతాలో జమయగు రూపాయి ఒకటి. యాప్ సంచిలో మాత్రమే నిలిచి మరల ఆ యాప్‌లోనే ఖర్చు చేయవలసిన రూపాయి మరియొకటి. ముందు రాబోవు రీఛార్జులపై కొంత కొంత తగ్గించు వోచరు ఇంకొకటి. ఇంకెవరి దుకాణములోనో సరకు కొన్నచో తగ్గింపు ఇచ్చు కూపను వేరొకటి. ఈ నాలుగింటిని ఒకే పేరుతో పిలుచుటయే గందరగోళమునకు మూలము. మొదటిది సొమ్ము. రెండవది సగము సొమ్ము. మిగిలినవి ఖర్చు చేయుటకు వచ్చిన ఆహ్వానపత్రికలు.

2017 నవంబరులో జియో ప్రకటించిన ‘ట్రిపుల్ క్యాష్‌బ్యాక్’ ఈ సంగతిని విశదము చేయును. 399 రూపాయలు గాని అంతకు మించి గాని రీఛార్జి చేసినవారికి 2,599 రూపాయల వరకు వాపసు అని ప్రకటన. అందులో 400 రూపాయలు ఎనిమిది ఏబదిరూపాయల వోచర్లు, వానిని 309 రూపాయలకు తగ్గని తదుపరి రీఛార్జులపై ఒక్కొక్కటిగా వాడుకొనవలెను. 300 రూపాయల వరకు చెల్లింపు యాప్‌ల సంచిలో వచ్చును. మిగిలిన 1,899 రూపాయలు బట్టల దుకాణములలోను, విమాన టికెట్టులపైనను తగ్గింపులు: 1,500 రూపాయల కొనుగోలుపై 399, 1,999 రూపాయల కొనుగోలుపై 500, విమానములో రానుపోను టికెట్టుపై వేయి. రైలులో జనరల్ పెట్టెలో నిలుచుండి చెన్నపట్టణము పోవు మన కూలివానికి విమానపు టికెట్టుపై వేయి రూపాయల తగ్గింపు వచ్చినను ఒకటే, రాకున్నను ఒకటే. విమానమును విడిచి తక్కిన వాపసంతయు పొందవలెనన్న, 399 రూపాయల మొదటి రీఛార్జి, ఎనిమిది 309 రూపాయల రీఛార్జులు, రెండు కొనుగోళ్ళు కలసి 6,370 రూపాయలు ఖర్చు పెట్టవలెను. ఇది మోసము కాదు. షరతులు ప్రకటనలోనే ఉన్నవి. ఆ బట్టలు ఎటులైనను కొనదలచినవానికి లాభమే. కాని 399 ఇచ్చి 2,599 తెచ్చుకొంటినని తలంచినవాడు చదువవలసినది చదువలేదు.

అదే సంవత్సరము అక్టోబరులో ఎయిర్‌టెల్, కార్బన్ కంపెనీలు కలసి ఒక చవుక స్మార్ట్‌ఫోనును తెచ్చినవి. నికర ధర 1,399 రూపాయలని ప్రకటన. కొనువాడు మొదట 2,899 చెల్లించవలెను. నెలకు 169 రూపాయల చొప్పున ముప్పదియారు నెలలు విడువక రీఛార్జి చేసినచో, పదునెనిమిది నెలలకు 500, మూడు సంవత్సరములు నిండిన పిదప 1,000 తిరిగి వచ్చును. కావలసినవారు నెలసరి ప్లానుకు బదులు ప్రతి పదునెనిమిది నెలలకు 3,000 రూపాయల రీఛార్జి పూర్తిచేయవచ్చును. నెలసరి లెక్కన మూడేండ్లలో చెల్లించు మొత్తము 8,983 రూపాయలు, తిరిగి వచ్చునది 1,500. క్రమము తప్పక రీఛార్జి చేయు ఉద్యోగికి ఇది మంచి బేరమే. ఆషాఢములో చేతిలో రూపాయి ఆడని రైతుకూలీ ఆ క్రమమును పాటించగలడా అనునదే ప్రశ్న.

ఇట్టి చిక్కు మనకే వచ్చినది కాదు. బ్రిటన్ దేశమున ఫోనును, నెలసరి సేవను కలిపి ఒకటి రెండు సంవత్సరముల ఒడంబడికగా అమ్ముదురు. అక్కడ కొందరు చిల్లర విక్రేతలు, ఫలానా నెలల బిల్లుల ప్రతులను గడువులోగా తపాలా ద్వారా పంపినవారికి మాత్రమే వాపసు ఇచ్చెదమను షరతు పెట్టిరి. ఒక్క బిల్లు ఆలస్యమైనచో వాపసు పోవును. కొన్ని విక్రయశాలలు వాపసు చెల్లించకముందే మూతపడినవి, ఒడంబడిక మాత్రము కొనుగోలుదారు మెడకు మిగిలినది. ఫిర్యాదులు పెరుగగా అచ్చటి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2009లో ఈ విషయమున కంపెనీలను కట్టడి చేయు నిబంధనను తెచ్చినది. చదువుకొన్న దేశమున కూడ వాపసు షరతును చదువువారు తక్కువేనని దీనివలన తెలియుచున్నది.

మన పద్ధతి సులభముగా ఉండవలెను. చెల్లించిన మొత్తములోనుండి బ్యాంకు ఖాతాకు నిజముగా వచ్చినదానిని మాత్రమే తీసివేయుడు. వచ్చువరకు దానిని సున్నగా లెక్కించుడు. 2021 నుండి కొన్ని చెల్లింపు యాప్‌లు రీఛార్జిపై రూపాయి మొదలు మూడు రూపాయల వరకు సేవా రుసుము కూడ తీసికొనుచున్నవి, దానిని కలుపుడు. కంపెనీ సొంత యాప్‌లో రీఛార్జి చేసినచో పలుమార్లు ఆ రుసుము ఉండదు. కొన్ని క్రెడిట్ కార్డులు రీఛార్జిపై మంచి వాపసే ఇచ్చును గాని వానికి వార్షిక రుసుము ఉండును. నెలకొక చిన్న రీఛార్జి చేయువానికి అది గిట్టదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. వాపసు ఆశను ఎరగా వేయు దొంగలు మన పల్లెలకు కూడ వచ్చినారు. "మీకు క్యాష్‌బ్యాక్ వచ్చినది, పొందుటకు పిన్ నొక్కుడు" అని సందేశము పంపుదురు. యూపీఐలో సొమ్ము పంపుటకే పిన్ కావలెను. సొమ్ము పొందుటకు పిన్ అక్కరలేదు. ఈ ఒక్క వాక్యమును డప్పు వేయించి చెప్పినను తప్పులేదు. మోసపోయినవారు తడయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన, ఆ సొమ్మును దారిలో నిలుపుటకు అంత అవకాశముండును.

టవరు అందని చవుక

ఎంత చవుక ప్లానైనను ఇంటిలో సంకేతము అందనిచో దండుగయే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, 2022 ఏప్రిల్‌లో వానినుండి విడివడిన పార్వతీపురం మన్యము జిల్లాలోను ఈ సమస్య ఊరూరికి మారును. సీతంపేట, కురుపాం కొండలలో ఒక గూడెమునకు అందు కంపెనీ ప్రక్క గూడెమునకు అందదు. ఇచ్ఛాపురము, సాలూరు వంటి సరిహద్దు ప్రాంతములలో ఫోను ఒడిశా టవరును పట్టుకొనుట కలదు. ఒడిశా వేరొక సేవాప్రాంతము, మనది ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు కలసిన సేవాప్రాంతము. కావున ప్లానులో దేశమంతట రోమింగు ఉచితముగా ఉన్నదో లేదో అక్కడివారు ప్రత్యేకముగా అడుగవలెను.

వెనుకబడిన జిల్లాలలో సంకేతము లేని 7,287 గ్రామములకు 4జీ సేవ కల్పించుటకు కేంద్రప్రభుత్వము 2021 నవంబరులో ఆమోదించిన పథకమున విజయనగరము జిల్లా కూడ చేరినది. 2022 జూలైలో దేశమంతటికి 24,680 గ్రామములతో మరియొక పథకము బీఎస్ఎన్ఎల్‌కు అప్పగింపబడినది. ఆ సంస్థ స్వదేశీ 4జీ సేవను 2025 సెప్టెంబరు 27న ఒడిశా లోని ఝార్సుగుడాలో ప్రధానమంత్రి ప్రారంభించిరి. కనుక మూడేండ్ల క్రిందట అందలేదని విడిచిన కంపెనీని ఇప్పుడు మరల పరీక్షించుట యుక్తము. ఏ ప్రాంతమున ఏ సేవ అందునో చూపు పటములను కంపెనీలు తమ వెబ్‌సైటులలో ఉంచవలెనని 2024 నాటి ట్రాయ్ నిబంధనలు చెప్పుచున్నవి. పటముకంటె నమ్మదగినది పొరుగువాని ఫోను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానమున కొబ్బరిచెట్లతోబాటు కరెంటు స్తంభములు కూలి, ఫోను సంబంధములు తెగినవి. ఒకే ఇంటిలో అందరును ఒకే కంపెనీ సిమ్ములు వాడుట అట్టి సమయమున మంచిది కాదు. పంచాయతీ సర్పంచి, కార్యదర్శి వేర్వేరు కంపెనీల నంబర్లు కలిగియుండుట చిన్న జాగ్రత్త. ఖర్చు లేనిది.

గుజరాతులోని వెరావల్‌కు చేపలవేటకు పోవు మన మత్స్యకారుల ఇండ్లలో లెక్క వేరు. తీరము విడిచి కొంతదూరము పోయిన పిమ్మట సెల్‌ఫోనుకు సంకేతము ఉండదు, గడువు మాత్రము నడచుచునే యుండును. అట్టివాడు దినమునకు రెండు జీబీల ప్లాను వేయించుట సముద్రములో ఉప్పు కలుపుటయే. అతనికి నంబరు చావకుండ కాల్స్ ప్లాను చాలును. ఒడ్డునకు వచ్చినప్పుడు కావలసిన డేటాను ఆ ప్లానుతోబాటు వేరుగా కొనుటకు వీలున్నదా అని ముందే విచారించుకొనవలెను. వీడియో కాల్ కోరునది ఇంటిలోని ఇల్లాలైనచో డేటా ఆమె ఫోనునకు ఉండవలెను.

కంపెనీ మార్చుట

నంబరు మారకుండ కంపెనీ మార్చుకొను సదుపాయము 2011 జనవరి 20 నుండి దేశమంతట అమలులోనున్నది. ఫోనులో ‘పోర్ట్’ అను ఆంగ్లపదమును టైపుచేసి, కొంత ఎడము విడిచి, తమ పది అంకెల నంబరును వ్రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపినచో ఒక కోడు వచ్చును. అది నాలుగు దినములు చెల్లును. దానిని, ఆధారును తీసికొని క్రొత్త కంపెనీ దుకాణమునకు పోవలెను. ఒకే సేవాప్రాంతములోనైనచో మూడు పనిదినములలో మార్పు జరుగును. ప్రస్తుత కంపెనీలో 90 దినములు నిండియుండవలెను. 2024 జూలై 1 నుండి, సిమ్ము మార్చిన ఏడు దినములలోపు ఈ కోడు ఇవ్వరు. దొంగలు మన నంబరును కాజేయకుండుటకే ఈ నిబంధన.

ఇందులో పలువురు నష్టపోవునది ఒక్క చోట. కంపెనీ మారినచో పాత ప్లానులో మిగిలిన దినములు పోవును, సొమ్ము తిరిగి రాదు. సంవత్సరపు ప్లాను వేయించి రెండు నెలలకే టవరు అందుట లేదని మారినవాడు పది నెలల సొమ్ము నీళ్ళలో పోసినట్లే. కావున క్రొత్త కంపెనీలో మొదట ఒక నెల చిన్న ప్లానుతో చూచి, వర్షములో, రాత్రివేళ, ఇంటి లోపల సంకేతము అందుచున్నదని నిశ్చయించుకొన్న పిమ్మటనే దీర్ఘకాల ప్లాను వేయించవలెను.

నంబరును బొత్తిగా విడిచిపెట్టుట మరింత ప్రమాదము. బ్యాంకు ఖాతాకు, ఆధారునకు, గ్యాస్ బుకింగునకు, పీఎం కిసాన్‌కు ఆ నంబరే ముడిపడియున్నది. వాడకము లేక 90 దినములు గడచిన నంబరును కంపెనీ రద్దు చేయవచ్చును. రద్దయిన నంబరును మరి కనీసము 90 దినములు ఆగి ఇంకొకరికి ఇచ్చెదరు. అప్పుడు మన బ్యాంకు పంపు ఓటీపీ ఎవరి ఫోనులో మ్రోగునో ఊహించుకొనవచ్చును. నంబరు విడువదలచినవారు ముందు బ్యాంకులోను, ఆధార్ కేంద్రములోను క్రొత్త నంబరును నమోదు చేయించుకొనవలెను. మన పేర ఎన్ని సిమ్ములున్నవో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. ఒక్కొక్కరికి తొమ్మిదికి మించరాదు.

రీఛార్జి సొమ్ము పోయి సేవ రానిచో 198కు ఫోను చేసి ఫిర్యాదు నంబరును తప్పక వ్రాసికొనవలెను. ఆ సమాధానము తృప్తికరముగా లేనిచో 30 దినములలోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి వ్రాయవచ్చును, అతడు 39 దినములలో తేల్చవలెను. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. అయిదు లక్షలలోపు వ్యవహారమునకు అక్కడ రుసుము లేదు.

పంచాయతీ చేయదగిన పని

పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డులో ఒక మూల చాలును. కంపెనీ పేరు, ప్లాను రూపాయలు, దినములు, దినవ్యయము అను నాలుగు గడులతో ఒక పట్టిక వ్రాయించి, మూడు నెలలకొకసారి మార్చవలెను. ధరలు పోల్చి చూచుటకు ట్రాయ్ వారి టారిఫ్ పోర్టల్ కలదు. పదవ తరగతి చదువు పిల్లవాడు అరగంటలో ఆ పట్టికను తయారుచేయగలడు. దాని ప్రక్కన, ఏ వీధిలో ఏ కంపెనీ సంకేతము బాగుగా అందుచున్నదో వార్డు సభ్యులు తమ తమ వార్డులలో ఉదయమొకసారి, సాయంత్రమొకసారి చూచి వ్రాయించవచ్చును. ఎస్సీ కాలనీ, ఊరి చివర మత్స్యకారుల వీధి, కొండదిగువ గూడెము మరువకూడదు, టవరు అందనివి సామాన్యముగా అవియే. ఏ కంపెనీయు అందని వీధులున్నచో ఆ సంగతిని గ్రామసభ తీర్మానముగా వ్రాసి బీఎస్ఎన్ఎల్ జిల్లా కార్యాలయమునకు, కలెక్టరుగారికి పంపవలెను. నోటిమాటగా చెప్పినదానికి జవాబు రాదు.

ఉద్దానపు పల్లెలో మేము ఆ దినమున కార్యదర్శి ఎదుట ఈ లెక్కయే వేసి చూపితిమి. మనుమడు కొంత సిగ్గుపడి, సంఘము నుండి అప్పు తెచ్చి అవ్వ ఫోనునకు సంవత్సరపు కాల్స్ ప్లాను వేయించెను. కళ్ళజోడు కూపను గడువు అప్పటికే తీరిపోయినది. ముసలమ్మ రీఛార్జి గడువు తేదీని అడిగి తెలిసికొని, ఇంటి గోడమీద, పాలపద్దు క్రింద, బొగ్గుతో వ్రాయించుకొన్నది.